ముల్కనూరు: రైతుల సొమ్ము, రైతుల లెక్క

హనుమకొండ నుంచి ఎల్కతుర్తి మీదుగా హుస్నాబాద్ వెళ్ళే దారిలో ముల్కనూరు వస్తుంది. భీమదేవరపల్లి మండలం. ఈ మండలం పేరు చెబితే పి.వి. నరసింహారావు గారి వంగర గుర్తొస్తుంది, లేదంటే సంక్రాంతినాటి కొత్తకొండ వీరభద్రస్వామి జాతర గుర్తొస్తుంది. ముల్కనూరు పేరు మాత్రం సహకార రంగంలో తిరిగినవాళ్ళ నోటే ఎక్కువగా వినిపిస్తుంది. గుజరాత్‌లోని ఆనంద్ పాల సంఘం గురించి నాలుగు ముక్కలు చెప్పగలిగినవాళ్ళు కూడా ముల్కనూరు దగ్గరికొచ్చేసరికి తడుముకుంటారు. ఇక్కడ 1956లో ఒక రైతు సంఘం పుట్టింది. అలాంటి సంఘాలను పెంచాలని ఒక స్వచ్ఛంద సంస్థ బయల్దేరింది. ఆ సంస్థ పట్టువదలకుండా తిరిగి ఒక చట్టం తెప్పించింది. ఈ మూడూ కలిపి చెప్పుకుంటేనే కథ అర్థమవుతుంది.

సంఘం రాకముందు తెలంగాణ పల్లెల్లో రైతును రెండు చోట్ల కోసేవారు. మొదటిది విత్తనాల వేళ. ఇంట్లో గింజలు ఉండవు గనక ఉన్నవాళ్ళ గాదె నుంచి నాగుకు తెచ్చుకోవాలి. పంట చేతికి రాగానే బస్తాకు బస్తాన్నర కొలవాలి. నడుమ గడిచేది నాలుగైదు నెలలే, కాబట్టి ఆ వడ్డీని ఏడాదికి లెక్కగడితే ఏ కాబూలీవాలా కూడా దాని ముందు నిలవడు. రెండోది అమ్మకం వేళ. పంటను జమ్మికుంటకో వరంగల్‌కో తోలుకుపోతే అక్కడ తేమ అని, మట్టి అని, తాలు అని తరుగు తీసేవారు. కాంటా అడ్తిదారుదే. చాలాసార్లు అప్పిచ్చిందీ ఆయనే. అప్పిచ్చినవాడే కొనేటప్పుడు రైతు ధర అడగలేడు.

ఈ ముడి విప్పాలన్న ఆలోచన సర్కార్లకు రాకపోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి 1890ల్లో ఐరోపా వెళ్ళి, జర్మనీలో రైఫైసెన్ పెట్టిన పల్లె పరపతి సంఘాలను చూసొచ్చి పెద్ద నివేదిక రాశాడు. ఇరుగుపొరుగువాళ్ళు ఒకరికొకరు పూచీపడి, తమ పొదుపులోంచి తామే అప్పులిచ్చుకునే పద్ధతి అది. 1904లో బ్రిటిష్ ఇండియాలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది, 1914లో నిజాం సర్కారూ అలాంటి చట్టమే చేసుకుంది. కానీ జర్మనీలో ఊళ్ళోవాళ్ళ చొరవతో పుట్టిన సంఘం ఇక్కడ రిజిస్ట్రార్ గారి కచేరీలోంచి పుట్టింది. తర్వాత వచ్చిన తిప్పలన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1904 చట్టం వచ్చిన దాదాపు యాభై ఏళ్ళకు రిజర్వు బ్యాంకు అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే జరిపించింది. 1954లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం రైతులు చేసిన అప్పుల్లో సహకార సంఘాల వాటా 3.1 శాతం. వడ్డీ వ్యాపారులది, అప్పులిచ్చే పెద్ద రైతులది కలిపితే 70 శాతానికి దగ్గర. అంత ఘోరమైన లెక్క చూశాక కూడా నివేదిక సహకారాన్ని వదులుకోమనలేదు, సర్కారే సంఘాల్లో వాటాదారుగా చేరి నిలబెట్టాలని సూచించింది. మంచి మనసుతో ఇచ్చిన సలహాయే. కానీ సర్కారు సొమ్ము వచ్చిన చోటికి సర్కారు మనిషి కూడా వచ్చాడు. పాలకవర్గంలో నామినేటెడ్ సభ్యులు, పైనుంచి కార్యదర్శి, ఇష్టంలేని పాలకవర్గాన్ని రద్దు చేసి కూర్చోబెట్టే పర్సన్ ఇన్‌చార్జి. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం ఈ అధికారాలన్నిటికీ దారి ఇచ్చింది. ఎన్నికలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ‘సొసైటీ’ అంటే ఎరువులు, అప్పులు ఇచ్చే సర్కారు ఆఫీసు అన్న అభిప్రాయం ఊళ్ళలో స్థిరపడిపోయింది. అది మాఫీ అయ్యే అప్పు గనక కట్టనివాడే తెలివైనవాడు అన్న మాట కూడా దాంతోపాటే వచ్చింది.

ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి సంఘం పెట్టింది సరిగ్గా ఆ సర్వే నివేదిక వెలువడిన రెండేళ్ళకు. చేరింది 14 ఊళ్ళకు చెందిన 373 మంది రైతులు. ఆ రోజుల్లో చాలా పరపతి సంఘాలు అప్పిచ్చి ఊరుకునేవి. విశ్వనాథరెడ్డి మొదటినుంచీ అప్పును అమ్మకంతో కలిపి కట్టారు. సంఘమే పంట పెట్టుబడికి అప్పిస్తుంది, విత్తనం, ఎరువు, మందు ఇస్తుంది. పంట వచ్చాక కొనేదీ, మర పట్టించేదీ, అమ్మి పెట్టేదీ సంఘమే. వచ్చిన డబ్బులోంచి బాకీ మినహాయించుకుని, కొంత సభ్యుడి పేరనే పొదుపులో వేసి, మిగిలింది చేతికిస్తుంది. ఏడాది చివర లాభం మిగిలితే, ఎవరు ఎంత వ్యాపారం సంఘంతో చేశారో ఆ లెక్కన బోనస్ పంచుతుంది. వాటా ఎంత పెట్టావన్నదానికి ఇక్కడ విలువ తక్కువ, సంఘాన్ని ఎంత వాడుకున్నావన్నదే లెక్క. వసూళ్ళ కోసం ఇంటి తలుపు ఊడబీక్కుపోయే పని లేదు, బాకీ కాంటా దగ్గరే తీరుతుంది. కాంటా కూడా సంఘానిదే గనక తరుగు గొడవ తగ్గింది.

పొదుపు పోగయ్యేకొద్దీ పనులు పెరిగాయి. రైస్ మిల్లు వచ్చింది, పత్తి జిన్నింగ్ వచ్చింది. అన్నిటికన్నా తెలివైన అడుగు వరి విత్తనం. మామూలు వడ్లు అమ్మితే మార్కెట్ ధరే వస్తుంది. అదే పొలంలో జాగ్రత్తగా విత్తనం పండించి, శుద్ధి చేసి, సంచుల్లో కట్టి అమ్మితే అదనంగా నాలుగు డబ్బులు మిగులుతాయి. పెద్ద కాలువ నీళ్ళు ఆలస్యంగా చేరిన నేల అది, బావుల కిందా చెరువుల కిందా సాగు చేసుకునే రైతులు వాళ్ళు. ఎకరాలు పెంచలేని చోట ఎకరం మీద రాబడి పెంచారు. సభ్యుల సంఖ్య వేలల్లోకి చేరింది. ఊళ్ళు మాత్రం ఇంచుమించు అవే. విస్తరించమని ఎందరు చెప్పినా, సభ్యుడు పొద్దున సంఘానికి వచ్చి సాయంత్రానికి ఇంటికి చేరగలిగే హద్దు దాటడానికి సంఘం ఇష్టపడలేదు.

మరి మిగతా ఊళ్ళలో ఇలా ఎందుకు జరగలేదు? 1970ల మధ్యలో కొందరు సహకారవాదులు ఈ ప్రశ్న పట్టుకునే ‘సమాఖ్య’ పేరుతో కూడారు. వాళ్ళలోంచి హైదరాబాద్‌లో సహకార వికాస సంస్థ ఏర్పడింది. ఊళ్ళలో దాని పేరు ‘సహవికాస’, ఆఫీసు కాగితాల్లో సి.డి.ఎఫ్. రామారెడ్డి, శశి రాజగోపాలన్ దాని ముఖ్యులు. స్వచ్ఛంద సంస్థ అంటే నిధులు తెచ్చి పంచేదని మనకో అలవాటుంది. వీళ్ళు అది చేయలేదు. లెక్కలు రాయడం నేర్పారు, నియమావళి ఎలా రాసుకోవాలో నేర్పారు, సర్వసభ్య సమావేశంలో ఆదాయ వ్యయ పట్టికను అక్షరం రాని సభ్యురాలికి కూడా అర్థమయ్యేలా చదివి వినిపించే పద్ధతి పెట్టారు. చెప్పుకోవడానికి చప్పగా ఉండే పని. ఫొటోల్లో పడేదేమీ ఉండదు.

తొంభైల ఆరంభంలో వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ఆడవాళ్ళ పొదుపు సంఘాలతో ఈ పని ఊపందుకుంది. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది, ఆ వెనకే పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చాయి, డ్వాక్రా గ్రూపులకు సర్కారు మూలధనం ఇవ్వసాగింది. సహవికాస సంఘాలు మాత్రం బయటి పైసా ముట్టకూడదని పెట్టుకున్నాయి. నెలనెలా చిన్న మొత్తం కట్టాలి, దానికి కొన్ని రెట్ల వరకు అప్పు. మొదట్లో వడ్డీ నూటికి రెండు రూపాయలు. ఇది ఎక్కువేనని విమర్శించినవాళ్ళున్నారు, విమర్శలో నిజమూ ఉంది. కానీ ఆ వడ్డీ తిరిగి పొదుపు మీద వడ్డీగా, బోనస్‌గా వాళ్ళకే చేరేది, ఊళ్ళో షావుకారు దగ్గర అదే అప్పు అంతకన్నా ప్రియం. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ బాధ భరించలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వరసగా వచ్చి, అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చినప్పుడు, లాభం బయటికి పోయే అప్పుకూ ఊళ్ళోనే తిరిగే అప్పుకూ తేడా ఎంతో అందరికీ కనబడింది.

ఈ పొదుపు సంఘాలన్నిటికీ చట్టంలో చోటు కావాలి. 1964 చట్టం కింద చేరితే మళ్ళీ అదే పర్సన్ ఇన్‌చార్జి. అంతకుముందే ప్రణాళికా సంఘం వేసిన చౌధరీ బ్రహ్మప్రకాశ్ కమిటీ 1991లో ఒక నమూనా చట్టం రాసి ఇచ్చింది. రాష్ట్రాలు దాన్ని బీరువాలో పెట్టాయి. సహవికాసవాళ్ళు ఏళ్ళ తరబడి సచివాలయం చుట్టూ, అన్ని పార్టీల శాసనసభ్యుల చుట్టూ తిరిగారు. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం (ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో ‘మాక్స్’ చట్టం) వచ్చింది, దేశంలో ఆ తరహా చట్టం అదే మొదటిది. దీని కింద చేరిన సంఘంలో సర్కారుకు వాటా ఉండదు, నియమావళి సభ్యులే రాసుకుంటారు, ఎన్నికలు సంఘమే పెట్టుకుంటుంది, లెక్కల తనిఖీకి ఆడిటర్‌ను తానే పెట్టుకుంటుంది. పాత సంఘాలు కూడా సర్కారు వాటాధనం తిరిగి ఇచ్చేస్తే ఇందులోకి మారొచ్చు. ఆ తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఇదే దారి పట్టాయి. ‘వెలుగు’ పథకం కింద ఏర్పడిన మండల మహిళా సమాఖ్యలు రిజిస్టరైంది కూడా ఈ మాక్స్ చట్టం కిందే. సర్కారు తోడు లేకుండా బతకడానికి తెచ్చుకున్న చట్టం చివరికి సర్కారు పథకానికే ఇల్లయింది.

2000లో ముల్కనూరులోనే మహిళా సహకార డెయిరీ మొదలైంది. పొదుపు సంఘాల్లో ఆరితేరిన ఆడవాళ్ళే దానికి పునాది. సభ్యత్వం ఆడవాళ్ళకే, పాలకవర్గమూ వాళ్ళదే. ‘స్వకృషి’ పేరుతో పాల పాకెట్లు వరంగల్, కరీంనగర్ బజార్లకెక్కాయి. ఇప్పుడు సభ్యులు 20 వేలకు పైనే. రైతు సంఘంలో సభ్యత్వం భూమితో ముడిపడింది, పాలసంఘానికి ఒక బర్రె ఉంటే చాలు. విశ్వనాథరెడ్డి సంఘం చేరలేకపోయిన ఇళ్ళలోకి ఈ డెయిరీ చేరింది. నన్నడిగితే ముల్కనూరు చరిత్రలో ఇదే పెద్ద మలుపు.

మాక్స్ చట్టానికి మచ్చలు లేకపోలేదు. తనిఖీ చేసే పెద్దదిక్కు లేదని తెలిసి, ఆ పేరు బోర్డు మీద రాసుకుని పట్నాల్లో డిపాజిట్లు దండుకుని బోర్డు తిప్పేసినవాళ్ళు ఉన్నారు. పెద్ద జిల్లా డెయిరీల్లో కొన్ని మాక్స్‌లోకి మారి, అక్కడి నుంచి ప్రొడ్యూసర్ కంపెనీలయ్యాయి, వాటి మీద రాజకీయ కుటుంబాల పట్టు గురించి జరిగిన రగడ అందరికీ తెలిసిందే. ముల్కనూరు రైతు సంఘానికి కూడా విశ్వనాథరెడ్డి తర్వాతి కాలంలో ఆయన కుమారుడు ప్రవీణ్‌రెడ్డి అధ్యక్షులయ్యారు, 2009లో హుస్నాబాద్ నుంచి శాసనసభకూ వెళ్ళారు. పని బాగా జరుగుతోంది గనక సభ్యులు ఎన్నుకుంటున్నారని ఒక మాట, నాయకత్వం ఇంకో ఇంట్లోంచి రావడానికి ఇన్నేళ్ళు ఎందుకని ఇంకో మాట. రెండో మాట అడగడం తప్పేమీ కాదు.

డెయిరీల గొడవే చివరికి చట్టాన్ని కోర్టు మెట్లెక్కించింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం సవరణ తెచ్చి పాల సంఘాలను, అదీ వెనకటి తేదీ నుంచి వర్తించేలా, 1995 చట్టం నుంచి తప్పించి పాత చట్టం కిందికి తోసింది. హైకోర్టు ఆ సవరణ చెల్లదంది. ప్రభుత్వం తరఫు అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్ళింది, 2011లో అక్కడా హైకోర్టు తీర్పే నిలిచింది. తమంతట తాము ఒక చట్టం కింద సంఘం కట్టుకున్నవాళ్ళను వాళ్ళ ఇష్టంతో పని లేకుండా మరో చట్టం కిందికి నెట్టడం, సంఘం పెట్టుకునే ప్రాథమిక హక్కుకు విరుద్ధమని కోర్టులు చెప్పాయి. అదే ఏడాది చివర పార్లమెంటు 97వ రాజ్యాంగ సవరణను ఆమోదించి, సహకార సంఘం పెట్టుకోవడాన్ని 19వ అధికరణంలో పేరు పెట్టి చేర్చింది.

ఇప్పుడు ఆ ప్రాంతంలో తేలని ప్రశ్న కౌలుదార్లది. పట్టా ఒకరి పేర ఉంటే సాగు ఇంకొకరు చేస్తున్న పొలాలు పెరిగాయి. అప్పును పంటతో కలిపి కట్టిన ముల్కనూరు పద్ధతికి, పంట పండించేవాడూ సభ్యుడూ ఒకరే కావాలి. 1956లో వాళ్ళు ఒకరే.