బాయిలర్ కడిగినవాళ్ళ పేర్లు



బెంగళూరు రైల్వే చరిత్ర అంటే మనం తేదీలతో మొదలుపెడతాం. 1864లో జోలార్‌పేట నుంచి కంటోన్మెంటుకు రైలు వచ్చింది. 1882 నాటికి మైసూరు దాకా మీటర్‌గేజ్ పడింది. ఆ బళ్ళను లాగిన ఇంజన్ల గురించి చాలామంది రాశారు. వాటి బాయిలర్లు కడిగినవాళ్ళ గురించి రాసినవాళ్ళు తక్కువ. రైల్వేలో గుమాస్తాలుగా పనిచేసిన మాలాంటివాళ్ళమైనా ఆ సంగతి చెప్పాలి.

ఆవిరి ఇంజన్ బాయిలర్‌కు రెండు రకాల మురికి పడుతుంది. మొదటిది మసి. ఫైర్‌బాక్సులోని వేడి పొగ ఎన్నో గొట్టాల గుండా స్మోక్‌బాక్సుకు పోతుంది. గొట్టాల చుట్టూ నీళ్ళుంటాయి. లోపల మసి పేరుకుంటే వేడి నీళ్ళకు అందదు. బొగ్గు ఎంత వేసినా ఆవిరి చాలదు. జోలార్‌పేట నుంచి మన ఊరికి ఎక్కుడు దారి, అక్కడ ఆవిరి తగ్గితే బండి ఆలస్యమే.

రెండోది సున్నపు పొర. నీళ్ళు ఆవిరైపోతే వాటిలోని లవణాలు ఇనుముకు గట్టిగా పట్టుకుంటాయి. బోరు నీళ్ళ గీజర్ విప్పి చూసినవాళ్ళకు ఇది తెలుసు. పొర మందమైన చోట రేకుకు నీటి చలవ తగలక మితిమీరి కాగి బలం పోతుంది. అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

అందుకే కొన్ని రోజులకొకసారి వాష్‌ఔట్ చేసేవారు. మంట దించి, బాయిలర్ నిదానంగా చల్లారాక ప్లగ్గులు విప్పి, కడ్డీలతో గీకి, నీటి ధారతో కడిగేవారు. తొందరపడి వేడి రేకు మీద చన్నీళ్ళు కొడితే పగుళ్ళు వస్తాయి. గొట్టాల్లోని మసిని పొడవాటి కడ్డీలతో, బ్రష్షులతో తీసేవారు. ఫైర్‌బాక్సులోకి మనిషే దూరి చూడాలి.

మసి ఒంటికి మంచిది కాదని రైలు పుట్టకముందే తెలుసు. లండన్‌లో పొగగొట్టాలు ఊడ్చేవాళ్ళకు వచ్చే క్యాన్సర్‌కు మసే కారణమని పర్సివల్ పాట్ అనే వైద్యుడు 1775లోనే రాశాడు.

మన దేశంలో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లో ఆగింది. 1995లో బ్రాడ్‌గేజ్ మీద వాటి పని ముగిసింది. మైసూరు రైల్వే మ్యూజియంలో ఇంజన్లను నంబర్లతో సహా చూడవచ్చు. వాటిని కడిగిన ఖలాసీల పేర్లు మన ఇళ్ళలోనే మిగిలాయి. మీ తాతగారో నాన్నగారో లోకో షెడ్డులో పనిచేసి ఉంటే పేరు, ఊరు, ఏ షెడ్డు, ఏ పని అన్నది కింద రాయండి. పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. వచ్చినవన్నీ మేము ఒక పుస్తకంలో ఎక్కించి సంఘం బీరువాలో పెడతాము.