మంచము చివరి అట్ట

ఆసుపత్రిలో మంచము చివర వ్రేలాడు అట్టను చూడనివారు అరుదు. దానిపై గళ్లకాగితము, ఆ గళ్లలో కొండలవలె లేచిపడు గీత. ఈ గీతను ప్రచారములోనికి తెచ్చినవాడు జర్మనీలో లైప్‌జిగ్ వైద్యుడు వుండర్లిష్. ఆయన ఇంచుమించు 25,000 మంది రోగుల వేడిని కొలిపించి, 1868లో గ్రంథము ప్రకటించెను. ఆనాటి థర్మామీటరు అడుగు పొడవు. చంకలో ఇరువది నిమిషములు ఉంచవలసియుండెను. ఇంగ్లండులో ఆల్బట్ 1866 ప్రాంతమున ఆరంగుళముల పరికరము చేయించిన పిదపనే అది నర్సుల చేతిలో ఇమిడినది. ఒక్క కొలత చెప్పునది స్వల్పము. టైఫాయిడు మెట్లుమెట్లుగా ఎక్కును, చలిజ్వరము ఎక్కి దిగును. ఇది వరుసగా తీసిన కొలతలలోనే తెలియును.

అంతకుముందే ఫ్లారెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధమునుండి తిరిగివచ్చి, ఆసుపత్రుల లెక్కలన్నియు ఒకే నమూనాలో ఉండవలెనని పట్టుపట్టెను. ఒకచోట ఒక పేరు, మరొకచోట వేరొక పేరు వ్రాసినచో రోగములను పోల్చుట ఎట్లు? ఈ ప్రశ్న నేటికిని పాతపడలేదు. 1968లో అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ మరొక అడుగు వేసెను. రోగి చెప్పినది, మనము చూచినది, మన నిర్ణయము, చేయదలచినది, ఈ వరుసలో వ్రాయుమనెను. తరువాత వెర్మాంట్‌లో వ్రేలితో తాకిన పనిచేయు తెరపై దానినే ఎక్కించెను.

ఇక మన వైపు చూతము. 2016 అక్టోబరు 11న వరంగల్లు నుండి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. మహబూబాబాదులో 2022లో, తక్కిన రెంటిలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. 2019 వరకు భూపాలపల్లిలో భాగమైన ములుగులో 2022 మార్చి 5న ఇంటింటి ఆరోగ్యవివరములను కంప్యూటరుకెక్కించు పని ఆరంభమైనది. పదునెనిమిదేండ్లు నిండినవారి ఎత్తు, బరువు, రక్తపుపోటు వ్రాసికొనుటకు సిబ్బంది గూడెములకు కూడ వెళ్లిరి. ముందు సంవత్సరముననే, 2021లో, భారత నర్సింగు కౌన్సిలు బి.యస్సి. మొదటి సంవత్సరముననే ఈ విద్యను పాఠ్యాంశము చేసినది.

విద్యార్థిని నేర్చునదేమి? మీటలు నొక్కుట రెండు దినముల పని. కష్టము వేరొకచోట ఉన్నది. నాడి 72కు మారు 720 అని కొట్టినచో, అట్లు అమర్చిన యంత్రము అభ్యంతరము చెప్పును. 92కు మారు 72 కొట్టిన నోరెత్తదు. నిన్నటి అంకెను నేడు దించు దురలవాటు కాగితమునాడును కలదు. యంత్రము దానికి ఒక మీటను కూడ సమకూర్చినది! పెన్సిలిన్ పడదని రోగి చెప్పిన మాట దాని గడిలో పడక వేరొకచోట పడినచో, హెచ్చరిక మ్రోగదు. కాగితముపై తప్పును ఒక్క గీతతో కొట్టి సంతకము చేసెడివారు. కంప్యూటరులో పాతది చెరగక, దిద్దినవారి పేరు, వేళ నిలిచియుండును. కావున సంకేతపదమును స్నేహితురాలికి చెప్పుట తన సంతకమును అప్పిచ్చుటయే.

కరెంటు పోయిన రాత్రికై కాగితము సిద్ధముగ ఉంచవలెను. రెండు గంటలకిచ్చిన ఇంజెక్షను ఆరు గంటలకు యంత్రములో ఎక్కించునప్పుడు, ఇచ్చిన వేళ రెండు గంటలనియే నమోదు చేయవలెను. లేనిచో ఉదయపు నర్సు తదుపరి మోతాదు వేళను ఆరు నుండి లెక్కించును. అసలు ఎక్కించకయే పోయినచో, అదే మందు మరల పడును.