బీరువాలో దాచినా పాడయ్యే కంప్యూటరు

ఒక కంప్యూటరును ముప్పయి ఏళ్లపాటు దుమ్ము పడకుండా బీరువాలో దాచారనుకోండి. బయటికి తీసి మీట నొక్కితే పనిచేయాలి కదా! 1989 జనవరిలో అమెరికాలో యాపిల్ సంస్థ విడుదల చేసిన మాకింటాష్ ఎస్ఇ/30 విషయంలో అలా ఆశపడినవారిలో చాలామందికి నిరాశే మిగిలింది. ముందు శబ్దం సన్నగిల్లుతుంది. ఆ తర్వాత తెరమీద బొమ్మకు బదులు అడ్డగీతలు వస్తాయి.

పోతే పోయింది, పాత యంత్రమేగా అనకండి. ఆ రోజుల 800 కిలోబైట్ల మాకింటాష్ ఫ్లాపీలను మామూలు పీసీ డ్రైవులు చదవలేవు. అందులో ఎవరి పరిశోధన పత్రమో, ఎవరి ఉత్తరాలో ఉంటే వాటిని బయటికి తీయడానికి ఇలాంటి యంత్రం అక్కరకొస్తుంది. ఎస్ఇ/30 తయారీ 1991లోనే ఆగిపోయింది.

దోషి మదర్‌బోర్డు మీది చిన్న అల్యూమినియం డబ్బీ. 47 మైక్రోఫారడ్లు, 16 వోల్టుల కెపాసిటరు. పోలండు శాస్త్రజ్ఞుడు కరోల్ పోలాక్ 1896లో పేటెంటు తీసుకున్న ఊహకు ఇది వారసురాలు. రెండు పలకల మధ్య దూరం తగ్గేకొద్దీ కెపాసిటరులో పట్టే ఆవేశం పెరుగుతుందని మీరు చదివే ఉంటారు. ఇక్కడ ఆ దూరం అల్యూమినియం రేకు మీద ఏర్పడిన ఆక్సైడు పొర మందమే. అది మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడా ఉండదు! పొరకు ఒకవైపు రేకు ఉంటే, రెండోవైపు పలకగా పనిచేసేది ద్రవం. దాన్ని కాగితంలో ఇంకించి, డబ్బీలో పెట్టి, రబ్బరు బిరడాతో మూస్తారు.

చిక్కంతా ఆ బిరడా దగ్గరే. 1980లలో విడిభాగాలను రంధ్రాల్లో గుచ్చకుండా బోర్డు పైతలానికే అతికించే పద్ధతి విస్తరించింది. ఆ కాలపు కొన్ని కెపాసిటర్లలో వాడిన క్వాటర్నరీ అమ్మోనియం లవణాల ద్రవం రుణధ్రువపు తీగ పక్కనుంచి మెల్లగా ఊరి బయటికి వచ్చేది. యంత్రం నడిచినా, నడవకపోయినా ఊరుతూనే ఉంటుంది. బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. (1999 తర్వాత కొన్నేళ్లపాటు ఉబ్బి పగిలిన కెపాసిటర్ల గొడవ వేరు. అక్కడ లోపం నీటిపాలు ఎక్కువగా ఉన్న ద్రవానిది.)

మరి మార్చడం ఎలా? సోల్డరింగ్ ఐరన్ ఒక కాలిని కరిగించి రెండోదాని దగ్గరికి వెళ్లేసరికి మొదటిది గట్టిపడుతుంది. బోర్డు లోపలి రాగి పొరలు వేడిని లాగేసుకుంటాయి. విసిగి పటకారుతో గుంజితే కాలి కింది రాగి బిళ్ల కూడా ఊడివస్తుంది. అందుకే కొందరు వేడి పలకను ఆశ్రయిస్తున్నారు. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిసిన టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. కింది నుంచి వేడెక్కిస్తే రెండు కాళ్లూ ఒకేసారి వదులవుతాయి. ఫ్యాక్టరీ ఓవెన్‌లో అతికిన క్రమాన్నే వెనక్కి నడపడం అన్నమాట.

బోర్డు మొత్తాన్నీ అంత వేడికి తీసుకెళ్లడం నాకు మాత్రం నచ్చదు. డబ్బీల్లో మిగిలిన ద్రవం మరిగి అవి పేలవచ్చు, ప్లాస్టిక్ సాకెట్లు వంగిపోవచ్చు. పైగా ఎస్ఇ/30 బోర్డు అడుగున తీగల కొసలు పొడుచుకొని ఉంటాయి కాబట్టి పలకమీద సమంగా కూర్చోదు. కాస్త ఎత్తులో నిలిపి, సుమారు 100 డిగ్రీల దాకా వేడెక్కించి, మిగతా పని పైనుంచి వేడిగాలితో పూర్తిచేయడం మేలు. లిథియం బ్యాటరీని ముందే తీసేయాలి. కారిన ద్రవాన్ని కడిగి, బోర్డును బాగా ఆరబెట్టాలి. పొరల్లో తేమ ఉంటే ఆవిరై వాటిని విడదీస్తుంది. కిటికీలు తెరవండి, ఆ ద్రవం వేడెక్కితే కుళ్లిన చేపల వాసన!

కొత్తగా చాలామంది ద్రవం లేని టాంటలం కెపాసిటర్లు పెడుతున్నారు. వాటితో ఒక ఇబ్బంది ఉంది. పాత అల్యూమినియం డబ్బీ మీది నల్ల గీత రుణధ్రువానికి గుర్తు. టాంటలం మీది గీత ధనధ్రువానికి గుర్తు. పాత అలవాటుతో తిప్పి అతికిస్తే అది కాలి మంట లేవవచ్చు. మీట నొక్కేముందు ప్రతి గీతనూ భూతద్దంతో మరొక్కసారి చూడండి.