తాతల చెరువు, మన కునుకు

అన్నలారా, ఇంగ్లీషులో 'రెస్టింగ్ ఆన్ లారెల్స్' అని ఒక మాట ఉంది. లారెల్ ఒక చెట్టు. పాతకాలంలో గ్రీసు దేశంలో డెల్ఫీ పోటీల్లో గెలిచినోళ్ల తలకు దాని ఆకుల దండ చుట్టేవాళ్లు. రోములో యుద్ధం గెలిచిన సేనానికీ అదే మర్యాద. గెలిచినాక పని మాని, ఆ దండ చూసుకుంటా పండుకునేవాణ్ణి ఈ మాటతో ఎత్తిపొడుస్తారు. కష్టపడి అలిసి కూర్చున్నవాణ్ణి కాదు. మన సామెత ఇంకా ఘాటు: మా తాతలు నేతులు తాగినారు, మా మూతులు వాసన చూడండి!

మన సీమలో ఆ నెయ్యి ఏందంటే చెరువులే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువునే తీసుకోండి. కట్టించింది విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. 1369 నాటి శాసనం అక్కడ ఉంది. దినానికి వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని అని అందులో చెక్కినారు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా రాసిపెట్టినారు.

ఆ దోషాలు వినండి: కట్ట కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాలైనా మన తగాదాలు ఇవే కదా!

కట్టడంతో పని అయిపోదని పెద్దలకు తెలుసు. అందుకే 'దశబంధం' పెట్టినారు. చెరువు తవ్వించి, బాగుచేసే వాళ్లకు మాన్యం ఇచ్చేవాళ్లు, బదులుగా వాళ్లు చెరువును కాపాడాల్సి ఉండేది.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చినాక కలెక్టరుగా వచ్చిన మన్రో, ఇక్కడ చెరువుకు పనికొచ్చే చోటల్లా ముందే చెరువు ఉందని రాసినాడు. అంటే కొత్తది కట్టడానికి చోటు లేదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే మిగిలింది.

కట్ట మీద కంపచెట్ల వేర్లు దిగితే ఆ సందుల్లోనే నీళ్లు కారతాయి. అది శాసనంలో మొదటి దోషం. పూడిక మేట వేస్తే నడుమ మిట్ట, అది నాలుగోది. రెండూ మన కళ్ల ముందు, మన కునుకులో పెరిగేవే.

వాన రాకముందే మీ ఊరి చెరువు కట్ట మీద ఒకసారి నడవండి. తూము, మరవ, వంక చూడండి. ఆరు దోషాల్లో మీ చెరువుకు ఎన్ని ఉన్నాయో కింద రాయండి.