యూమింగ్ పాటలు: చూపుతో రాసిన యాభై ఏళ్ళు

మియజాకి హయావో తీసిన 'కికీస్ డెలివరీ సర్వీస్' సినిమాను జపనీస్ మాటలతో చూసిన తెలుగువారు ఒక గొంతును పేరు తెలియకుండానే విని ఉంటారు. పదమూడేళ్ళ మంత్రగత్తె పిల్ల చీపురెక్కి ఇల్లు విడిచి బయల్దేరుతుంది. రేడియో తిప్పగానే హుషారైన పాటొకటి అందుకుంటుంది. అది 'రూజు నో దెన్గోన్'. సినిమా 1989లో వచ్చింది, పాట మాత్రం 1975 నాటిది. చివర్లో పేర్లు పడేటప్పుడు వినిపించే 'యసాషిసా నీ త్సుత్సుమరేతా నారా' ఇంకా ఏడాది పాతది. రెండూ ఆ సినిమా కోసం పుట్టినవి కావు. అయినా ఆ పిల్ల కోసమే రాసినట్టు అతికిపోయాయి.

ఆ పాటలు రాసి, బాణీ కట్టి, పాడినవారు యుమి మత్సుతోయా. జపాన్‌లో అందరూ ముద్దుగా 'యూమింగ్' అంటారు. ఆమె పాటలు ఇలా ఏళ్ళ తర్వాత మరో కథలోకి నడిచివెళ్ళడం ఒకసారి జరిగి ఆగిపోయిన సంగతి కాదు. ఎందుకలా జరుగుతుందో తెలియాలంటే ఆమె పాటలను వరుసగా, పుట్టిన క్రమంలోనే వినాలి.

1954 జనవరి 19న టోక్యో నగరానికి పడమరన, పట్టు నేతకు పేరుపడ్డ హచియోజిలో అరాయి యుమిగా పుట్టారామె. ఇంటివాళ్ళది 1912 నుంచి నడుస్తున్న కిమోనో బట్టల దుకాణం. చదివింది క్రైస్తవ మిషన్ బడిలో. అక్కడి ఆర్గాన్ నాదం, బ్రిటన్ బృందం ప్రొకోల్ హారమ్ రికార్డులు ఆమె చెవిని తీర్చిదిద్దాయి. తర్వాత తమా ఆర్ట్ యూనివర్సిటీలో జపాన్ సంప్రదాయ చిత్రకళ నేర్చుకున్నారు. పదిహేడేళ్ళకే ఆమె బాణీ ఒకటి వేరే గాయకుడి గొంతులో రికార్డయింది. ఇతరులకు పాటలు కట్టి ఇవ్వాలన్నదే ఆమె కోరిక. నువ్వే పాడు అని ఒప్పించినవారు నిర్మాత మురాయి కునిహికో.

1972లో వచ్చిన తొలి సింగిల్ 'హెన్జి వా ఇరనాయి'ని కొన్నవాళ్ళు బహు తక్కువ. 1973 నవంబరులో తొలి ఆల్బమ్ 'హికోకి గుమో' వచ్చింది. దానికి వాయించినవారు హోసోనో హారుఓమి, సుజుకి షిగెరు, హయాషి తత్సుఓ, మత్సుతోయా మసతాకా. అదే ఏడాది జపాన్‌ను ఊపేసిన పాట కగుయాహిమె బృందం పాడిన 'కందగావా'. ఇరుకు గదిలో కాపురముండే పేద ప్రేమజంట పాట అది. యూమింగ్ అటు పోలేదు. చిన్న వయసులోనే కన్నుమూసిన తోటి విద్యార్థి జ్ఞాపకంలోంచి పుట్టిన ఆ ఆల్బమ్ శీర్షిక పాటలో ఆమె ఏడుపును దగ్గరికి రానివ్వలేదు, తలెత్తి ఆకాశంలో విమానం గీసిన తెల్లటి చారను చూపించారు. గొంతులో వణుకు లేదు, గమకం లేదు. దుఃఖం అంతా ఆ తెల్లటి చారలోనే ఉంది.

చిత్రకారిణి చూపు అది. మనసులోని మాటను నేరుగా చెప్పకుండా కంటికి కనిపించే చోట పెట్టడం ఆమె పద్ధతి. 1974 ఆల్బమ్ 'మిస్‌లిమ్'లోని 'ఉమి ఒ మితెఇతా గోగో' వింటే ఇది మరింత స్పష్టంగా తెలుస్తుంది. యోకోహామా కొండమీద 'డాల్ఫిన్' అనే రెస్టారెంటు, కిటికీ అవతల సముద్రం, బల్ల మీద సోడా గ్లాసు. విడిపోయిన ప్రేమ గురించి అంతకుమించి చెప్పాల్సిన పని ఆమెకు పడలేదు. ఆ రెస్టారెంటును వెతుక్కుంటూ అభిమానులు వెళ్ళడం మొదలుపెట్టారు.

1975 ఆమెను ఇంటింటికీ చేర్చిన ఏడు. 'అనో హి నీ కాయెరితాయ్' జపాన్ రికార్డుల అమ్మకాలను లెక్కించే ఒరికాన్ పట్టికలో ఆమెకు తొలి అగ్రస్థానం తెచ్చింది. బాన్‌బాన్ బృందానికి రాసిచ్చిన 'ఇచిగో హకుషో ఒ మో ఇచిదో' కూడా మొదటి స్థానానికి ఎక్కింది. విద్యార్థి ఉద్యమం చల్లబడ్డాక జుట్టు కత్తిరించుకుని ఉద్యోగంలో చేరే కుర్రవాడి పాట అది. అమెరికన్ విద్యార్థుల తిరుగుబాటు మీద 1970లో వచ్చిన సినిమా పేరు దాని శీర్షికలో ఉంది. ఒక తరం ఓటమిని ఇంత మృదువుగా, నింద లేకుండా చెప్పిన పాటలు అరుదు.

1976లో మత్సుతోయా మసతాకాను పెళ్ళాడి ఇంటిపేరు మార్చుకున్నారు. ఆ ఏడాది చివర వచ్చిన 'చువో ఫ్రీవే' ఆమె పాటల్లో తప్పక వినదగ్గది. టోక్యో నుంచి సొంతూరు వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌వే మీద సంధ్యవేళ కారు ప్రయాణం. దారిలో గుర్రప్పందేల మైదానం, బీరు ఫ్యాక్టరీ. పల్లవి నుంచి చరణానికి శ్రుతులు మారుతూ పోతుంటే వాహనం జారుతున్నట్టే ఉంటుంది.

1980లో 'సర్ఫ్ అండ్ స్నో' ఆల్బమ్ వచ్చింది. మరుసటి ఏడాది నుంచి నయేబా మంచుకొండల్లోని హోటల్లో ఏటా శీతాకాలపు కచేరీలు మొదలయ్యాయి. ఆల్బమ్‌లోని 'కోయిబితో గా సాంతా కురోసు' 1987లో ఒక స్కీయింగ్ సినిమాలోకి వెళ్ళి, అప్పటి కుర్రకారు మంచుకొండల మోజుకు జెండా అయింది. ఈలోగా 'కురెతా కారుహో' అనే కలంపేరుతో గాయని మత్సుదా సేకోకు బాణీలు కట్టారు. 1982 నాటి 'అకాయ్ స్వీట్ పీ' వాటిలో మేటి. సినీతార గ్రెటా గార్బో పేరునే ఆ కలంపేరుగా మలుచుకున్నారు.

జపాన్ డబ్బుతో పొంగిపొర్లిన రోజుల్లో ఆమె ఏటా ఒక ఆల్బమ్ ఇచ్చారు. 1990 నాటి 'తెన్గోకు నో దోవా' 20 లక్షల కాపీలు దాటింది. ఆ సంఖ్య కన్నా పెద్ద సంగతి 1994లో జరిగింది. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఉదయపు ధారావాహిక కోసం ఆమె 'హారు యో కోయి' రాశారు. వసంతాన్ని పిలిచే పాట అది, మాటల్లో పాతకాలపు కవిత్వపు పరిమళం. ఆ ధారావాహిక నడుస్తున్నప్పుడే, 1995 జనవరి 17న, కోబే భూకంపం వచ్చింది. 2011లో ఈశాన్య తీరాన్ని సునామీ ముంచెత్తాక బాధితుల సాయానికి ఎన్‌హెచ్‌కేతో కలిసి ఆమె అదే పాటను ప్రజల గొంతులతో మళ్ళీ పాడించారు. మొదట ఒక ధారావాహికకు రాసిన పిలుపు, ఒక దేశం కోలుకోవాలని కోరే పిలుపయింది.

2013లో మియజాకి 'ది విండ్ రైజెస్' తీశారు. యుద్ధవిమానాల రూపశిల్పి కథ. ముగింపు పాటగా ఆయన ఎంచుకున్నది నలభై ఏళ్ళ నాటి 'హికోకి గుమో'నే. ఒక విద్యార్థి మరణానికి రాసిన పాట, ఆకాశాన్ని ప్రేమించి వినాశనానికి విమానాలిచ్చిన మనిషి కథకు సరిపోయింది. పాటలో ఎవరి పేరూ లేదు, ఆకాశం మాత్రమే ఉంది కాబట్టే అది సాధ్యమయింది.

2022లో యాభై ఏళ్ళ సంకలనం 'యూమింగ్ బన్‌జాయ్' వెలువడింది. దానితో 1970ల నుంచి 2020ల దాకా ఆరు దశకాల్లోనూ ఆల్బమ్ పట్టికలో అగ్రస్థానం అందుకున్న తొలి కళాకారిణి అయ్యారు. అందులోని 'కాల్ మీ బ్యాక్'లో కృత్రిమ మేధతో పునఃసృష్టించిన యవ్వనపు అరాయి యుమి గొంతుతో నేటి యుమి మత్సుతోయా జంటగా పాడారు.

కొత్తగా వినాలనుకునేవారు ఆ సంకలనంతో కాక, 'హికోకి గుమో', 'మిస్‌లిమ్' ఆల్బమ్‌లు పూర్తిగా విని మొదలుపెట్టడం మేలు. ఆ తర్వాత 'చువో ఫ్రీవే', 'కోయిబితో గా సాంతా కురోసు', 'హారు యో కోయి' ఈ వరుసలో వింటే, ఒక అమ్మాయి కిటికీలోంచి చూసిన ఆకాశం దగ్గర మొదలైన పాట ఎక్స్‌ప్రెస్‌వే, మంచుకొండ దాటి ఊరంతా కలిసి పాడేదాకా ఎలా ఎదిగిందో జపనీస్ రాకపోయినా అర్థమవుతుంది.