వామిదొడ్డి చరిత్ర



పెనుకొండ చరిత్ర అనగానే కోట గుర్తుకు వస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధం జరిగిన తరువాత విజయనగర ప్రభువులు పెనుకొండకు తరలివచ్చిన సంగతి బడిపిల్లలు కూడా చెప్పగలరు. అయితే కోటకు రాళ్ళు లాగిన యెద్దుకు, కోట చుట్టూ చేలు దున్నిన యెద్దుకు కూడా ఒక చరిత్ర వున్నది. అది శాసనాలలో లేదు. మన ఇంటి వెనుక వామిదొడ్డిలో వున్నది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమలో వానలు తక్కువ. యేడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ నమ్మకం లేదు. అందుకే మన పెద్దలు పండిన యేడు దాచి, యెండిన యేడు తినడం నేర్చుకున్నారు. రాగిగింజను నేలలో పాతర వేశారు. గడ్డిని నేలకు పైన, బండలమీదనో కట్టెలమీదనో వామి వేశారు. ఒకటి కింద, ఒకటి పైన యెందుకు? గింజకు గాలి తగలకపోతే పురుగు చేరదు. గడ్డికి చెమ్మ తగలకపోతే బూజు చేరదు. ఈ రెండు ముక్కల్లో యెంతో శాస్త్రం వున్నది చూడండి.

1876లో వచ్చిన ధాత కరువు ఈ కట్టుబాటుకు పెద్ద పరీక్ష పెట్టింది. అప్పటికి మన ప్రాంతం బళ్ళారి జిల్లాలో వుండేది. అనంతపురం జిల్లా యేర్పడింది 1882లో. 1878 దాకా సాగిన ఆ కరువులో మద్రాసు రాజధాని మొత్తంమీద ఘోరంగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. మనుషులతోబాటు పశువులూ లెక్కకు మించి చచ్చిపోయాయి. గింజను ఎలాగో దూరం నుంచి తేవచ్చు. గడ్డి అలా కాదు. బరువు తక్కువ, జాగా యెక్కువ. బండినిండా వేసినా యెక్కువ దినాలు రాదు. యెద్దు చచ్చిన రైతుకు తిరిగి వాన పడినా సేద్యం లేదు. కరువు పోయినా కష్టం పోదు. కనుక వామి అంటే మేత మాత్రమే కాదు, మరుసటి యేటి పైరు కూడా.

ఇంతవరకు మన మేత అంతా రాగిగడ్డి, జొన్నచొప్ప, కొర్రగడ్డి, చెరువు కింద వరిగడ్డి. ఇవి చాలావరకు వానలు వెనుకబట్టాక కోతకు వచ్చేవి. వామి నెత్తిన పోచలు వాలుగా పరిస్తే నీరు జారిపోయేది. ఇరవయ్యో శతాబ్దంలో వేరుశెనగ వచ్చి ఈ లెక్కను మార్చింది. తిండివనం కేంద్రం 1940లో విడుదల చేసిన టి.ఎం.వి-2 రకం మన జిల్లాలో తరాల తరబడి నిలిచింది. దానితో కొత్త మేత దొరికింది: శెనక్కాయ కట్టె. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళయితే, మంచి కట్టెలో ఎనిమిది, పది పాళ్ళు వుంటాయి.

లాభం వచ్చింది గాని, పాత నేర్పు దానికి సరిపోలేదు. జూలైలో విత్తిన చేను అక్టోబరు, నవంబరులో పీకుతాం. అవి తుపాను దినాలు. పైగా కట్టె చిక్కుచిక్కుగా వుంటుంది. నీటిని జారనీయదు, లోపలికి పీల్చుకుంటుంది. పచ్చి ఆరకముందే వామి వేస్తే లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుడుతుంది. ఆకు నల్లబడుతుంది, బూజు పడుతుంది. వేడి మరీ హెచ్చితే నిప్పు ముట్టించకుండానే వామి అంటుకుంటుంది. ఈ సంగతిని రెండువేల యేండ్ల కిందటే రోము దేశంలో కొలుమెల్లా అనే సేద్యగాడు గ్రంథంలో రాసి పెట్టాడు.

బూజు సంగతి లోకానికి బాగా తెలిసింది 1960లో. ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. విచారించగా దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశెనగ పిండిలో బూజు విషం దొరికింది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. బూజును దులిపినా, యెండబెట్టినా ఆ విషం పోదు. పాడి ఆవు తింటే కొంత పాలలోకీ దిగుతుంది. కట్టెలో మిగిలిపోయిన పుచ్చుకాయలు, లేతకాయలు దీనికి మొదటి ఇల్లు.

మరి ఇప్పుడు చేయవలసింది యేమి? పీకిన కట్టెను చిన్న చిన్న కుప్పలుగా ఆరనివ్వండి. మరీ మాడ్చితే ఆకు రాలిపోతుంది, ఆకులోనే బలం. పిడికెడు తీసి మెలిపెట్టండి. కాడ పుటుక్కున విరిగితే వామికి తయారు. వంగితే ఇంకా చెమ్మ వున్నది. అడుగున బండలు, కంపకట్టె పరచి, నెత్తిన వరిగడ్డి గాని రాగిగడ్డి గాని వాలుగా కప్పండి. ప్లాస్టిక్ పట్టాను వాన వచ్చినప్పుడు కప్పి, వెలిసిన తరువాత తీయండి. అలాగే బిగించి వదిలితే లోపలి ఆవిరి పట్టాకు తగిలి నీరై మళ్ళీ కట్టెమీదే పడుతుంది. వామి వేసిన మొదటి రెండు మూడు వారాలు లోపలికి చెయ్యి పెట్టి చూస్తుండండి. వేడి తగిలితే ఆలస్యం చేయక విప్పి ఆరబెట్టండి.

ఈమధ్య పట్టణాలలో కుందేళ్ళు పెంచేవారు ఇంటిలోపలే గడ్డి నిలువ చేస్తున్నారు. వారికీ ఇదే సూత్రం. కుందేలు వాంతి చేసుకోలేని జీవి. తిన్న విషం బయటికి రాదు, పైగా ఈ బూజు విషానికి చాలా సున్నితం. గడ్డిని గోనెసంచిలో గాని గుడ్డసంచిలో గాని పెట్టి, గోడకు జానెడు దూరంగా, బల్లమీద వుంచండి. ముసురు దినాలలో కొద్దికొద్దిగా తెచ్చుకోండి. ముక్క వాసన వస్తే పారవేయండి.

2022 నుంచి ఈ మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. జిల్లా పేరు మారినా వాన తీరు మారలేదు. వామిదొడ్డి నిండుగా, పొడిగా వున్న ఇంట కరువు వచ్చినా పశువు సంతకు పోదు.