బొంబాయి ఖోలీలో కొత్త కాపురం: జగిత్యాల, సిరిసిల్ల ప్రాంత దంపతుల వలసపై ఒక పరిశీలన

తెలంగాణ వలసలను గురించిన రచనల్లో వలసపోయేవాడు చాలావరకు ఒంటరి పురుషుడే. భార్య ఊళ్లో ఉండి ఉత్తరానికీ మనియార్డరుకూ ఎదురుచూస్తుంది. గల్ఫ్ వలసతో బలపడిన ఈ చిత్రాన్ని అంతకు ముందటి బొంబాయి వలసకు కూడా అన్వయించడం సులభం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు సంబంధించినంతవరకు అది సగం నిజం మాత్రమే. గొల్లపల్లి పేరుతో జగిత్యాల జిల్లాలో ఒక మండల కేంద్రం, సిరిసిల్ల జిల్లా ఎల్లారెడ్డిపేట మండలంలో ఒక గ్రామం ఉన్నాయి. ఈ రెండింటి చుట్టుపక్కల ‘బొంబాయి పోవుడు’ అంటే ఒక నగరానికి వెళ్లడమని కాక, బతుకుదెరువు మార్చుకోవడమనే అర్థం. 1995లో నగరం పేరు ముంబయిగా మారినా పెద్దల నోట ఆ మాట మారలేదు. ఆ బతుకుదెరువు నిలదొక్కుకున్న చోట దానికి ఆధారం భర్త కూలి ఒక్కటే కాదు, ఖోలీలో కూర్చుని భార్య సంపాదించిన కూలి కూడా అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

బొంబాయి చాలాకాలం పురుషుల నగరంగానే ఉండినది. 1921 జనాభా లెక్కల్లో వెయ్యిమంది పురుషులకు స్త్రీలు సుమారు 525 మంది. కొంకణం నుండి వచ్చిన మిల్లు కార్మికులు భార్యాబిడ్డలను ఊళ్లోనే ఉంచి, ఒకే గదిలో పదిమంది సర్దుకొని, ఖానావళిలో తినేవారు. తెలుగు కూలీల తీరు దీనికి కొంత భిన్నం. నిజాం రాజ్యం నుండి వచ్చిన కట్టడపు పనివారు పద్దెనిమిదవ శతాబ్ది చివరినాటికే నగరంలో స్థిరపడ్డారు. వారి పేరుమీదే కామాఠీపుర వెలసింది. తెలుగులో ‘కామాటి’ అంటే కూలి పనివాడు. అది వృత్తిని తెలిపే మాటే గాని కులాన్ని తెలిపేది కాదు. బొంబాయిలో అదే మాట మున్నూరుకాపులు మొదలుకొని పలు కులాల తెలుగువారందరికీ జాతివాచకమైంది. పనిపేరు మనుషుల పేరుగా, మనుషుల పేరు పేటపేరుగా మారిన ఈ అర్థవిపరిణామంపై భాషాశాస్త్ర దృష్టితో ప్రత్యేక పరిశీలన జరగవలసి ఉన్నది. తరువాతి కాలంలో ఆ పేటలో కొన్ని వీధులు వేశ్యావాటికగా మారడంతో, పేరు వినగానే అదొక్కటే స్ఫురించే స్థితి వచ్చింది. ఆ పక్క వీధుల్లోనే తరతరాలుగా తెలుగు కాపురాలు సాగాయన్న సంగతి మరుగున పడింది.

కట్టడపు పనిలో భార్యాభర్తలిద్దరికీ పని దొరికేది. భర్త రాయి పేర్చితే భార్య సున్నం, ఇసుక మోసేది. ఆమె కూలి తక్కువే అయినా, దంపతులు కలిసి రావడానికి అది ఆర్థికమైన కారణం. ఈ వర్గం నుండే కాంట్రాక్టర్లు ఎదిగారు. 1873లో జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో ఈ తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. తెలుగు సాహిత్య చరిత్రలు ఈ సంబంధాన్ని పట్టించుకోకపోవడం ఆశ్చర్యకరం.

1874లో సికింద్రాబాదు–వాడి రైలుమార్గం ఏర్పడి బొంబాయి మార్గంతో కలిసిన తరువాత ప్రయాణం సులువైంది. ఉత్తర తెలంగాణ నేతగాళ్లకు బొంబాయి మిల్లులు, షోలాపురం, ఆపైన భివండి మరమగ్గాలు వరుసగా తెరుచుకున్నాయి. ఇక్కడ పరిస్థితి మారింది. మగ్గం భర్తది. కట్టడపు పనిలో వలె పక్కనే భార్యకు పని లేదు. మిల్లుల్లో స్త్రీల సంఖ్య మొదటినుండీ తక్కువ, అదీ తగ్గుతూ వచ్చింది. కొత్తగా పెళ్లయిన జంట నగరంలో నిలవాలంటే రెండు చిక్కులు తీరాలి. మొదటిది గది. బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 1920 తరువాత వర్లీ, నాయగావ్ మొదలైన చోట్ల కట్టిన 207 చాళ్లలో ఒక్కో కుటుంబానికి దక్కినది సుమారు 160 చదరపుటడుగుల ఒకే గది. అందులోనే వంట, నిద్ర, పురుడు. నీళ్లకు, మరుగుదొడ్డికి అంతస్తులో అందరితోపాటు వరుసలో నిలవాలి. సొంతంగా ఖోలీ దొరకనివారు ఊరివారి ఖోలీలోనే ఒక మూలకు చీర అడ్డం కట్టుకొని కాపురం మొదలుపెట్టేవారు. ఖోలీ ఉన్న జంట ఊరినుండి వచ్చిన ఒంటరి మగవారికి అన్నం పెట్టి నెలకింతని తీసుకునేది. పగటి పాళీవారు లేచిన చోట రాత్రి పాళీవారు పడుకునేవారు. ఇరవై ఏళ్లైనా నిండని కోడలు పదిమందికి వండేది. బావ, మామ అని పిలిచే ఊరి వరుసలు ఆ ఇరుకులో ఆమెకు రక్షణ కూడా అయ్యాయి, కాపలా కూడా అయ్యాయి.

రెండవ చిక్కు సంపాదన. దానిని తీర్చినది బీడీ. తునికాకు నానబెట్టి కత్తిరించి, తంబాకు నింపి చుట్టి, దారం కట్టి మూతి మడిచే ఈ పనికి కావలసినవి ఒక చాట, ఒక కత్తెర, గడపదగ్గర కాస్త వెలుతురు. కూలి వెయ్యి బీడీల లెక్కన ముడుతుంది. షోలాపురంలో మగ్గం భర్తది, బీడీ భార్యది అన్న విభజన పద్మశాలి ఇళ్లలో స్థిరపడింది. కామాఠీపుర తెలుగు ఇళ్లలోనూ బీడీల చాట కనబడింది. సిరిసిల్లలో ఈనాటికీ అదే విభజన. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో బీడీలు చేయడం వచ్చిన పిల్లకు సంబంధం తొందరగా కుదురుతుందన్న మాట వట్టి పరిహాసం కాదు. ఆ నైపుణ్యం ఏ ఊళ్లోనైనా చెల్లే కట్నం. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటిదగ్గర చేసేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది. అయినా ఆ స్త్రీలు చాలామంది ఇంటిపని చేసేవారుగానే లెక్కకు వచ్చారు.

1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం జరిగాయి. ఆ కాలపు రైతాంగ పోరాటాన్ని అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ నవల నమోదు చేసింది. నిర్బంధం వల్ల ఊరు విడిచినవారికి బొంబాయి ఒక తలదాపు కూడా అయింది. ఇంతలో 1982 జనవరి 18న సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. ఎందరికో మళ్లీ మిల్లు పని దొరకలేదు. జీతం ఆగిన అటువంటి ఇళ్లలో స్త్రీల చిల్లర సంపాదనే పొయ్యి వెలిగించింది.

గల్ఫ్ వలస ఈ కుటుంబ వ్యవస్థను విడదీసింది. కుటుంబాన్ని రప్పించుకోవడానికి అక్కడి దేశాలు కనీస జీతం షరతు పెట్టాయి. కూలివాడి జీతం దానిని అందుకోదు. బొంబాయి కాపురం పెట్టే ఊరుగా కాక, విమానం ఎక్కే ఊరుగా మారింది. పెద్దింటి అశోక్‌కుమార్ ‘ఎడారి మంటలు’ వంటి నవలలకు వస్తువైనది ఈ దశ. దానికి ముందటి దశకు సాహిత్య సాక్ష్యం పలుచన. ధర్మపురిలో పుట్టి ముంబయిలో స్థిరపడిన అంబల్ల జనార్దన్ ‘బొంబాయి కథలు’ వంటివి ఉన్నా, చాటముందు కూర్చున్న స్త్రీ తన మాటల్లో చెప్పుకున్న కథనాల సేకరణ విస్తృతంగా జరగవలసి ఉన్నది.

వర్లీ బి.డి.డి. చాళ్లను ఇప్పుడు కూలగొట్టి, పాత కిరాయిదార్లకు 500 చదరపుటడుగుల ఇళ్లు ఇస్తున్నారు. ఆ హక్కుకు మూలం పాత కిరాయి రికార్డులు. వాటిలో సాధారణంగా కనిపించేది భర్త పేరు. ఆ కిరాయిలో బీడీల డబ్బు ఎంతో రసీదు చెప్పదు. అది చెప్పగల తరం ఇంకా కొద్దిమందే మిగిలి ఉన్నారు, వర్లీలోనూ, గొల్లపల్లిలోనూ.